యేసును దేవుడని మొదట ఎవరు అన్నారు?

ఈసారి కొంచెం పెద్ద వ్యాసం. రెండు మూడు రోజులు తీసుకుని మెల్లగా చదవండి. నాకు రాయడానికి రెండు నెలలు పట్టింది.

మా గుడికి స్కూలు పిల్లలు వస్తుంటారు. ఇక్కడ ఇంగ్లండులో స్కూల్లో అన్ని మతాల గురించీ పాఠాలు ఉంటాయి, అందుకని టీచర్లు పిల్లల్ని బస్సుల్లో తీసుకొస్తారు. వాళ్ళకి గుడి చూపించే పని నాది. చెప్పులు ఎక్కడ విడవాలి, గంట ఎందుకు కొడతాం, ఆ పది బొమ్మలు ఎవరివి, ఇవన్నీ చెప్తాను. దశావతారాల దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, జీసస్ కూడా ఇలాగేనా అని. ఏళ్ళ తరబడి నేను ఒకటే జవాబు చెప్పాను: అవును, మా దృష్టిలో ఆయన కూడా ఒక అవతారమే. టీచర్లు నవ్వుతూ తల ఊపేవారు. నాకూ బాగుండేది.

మా ఆదివారం తెలుగు తరగతికి ఒక అమ్మాయి తన కొడుకుని తీసుకొస్తుంది. వాళ్ళది గుంటూరు వైపు. ఆమె ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. క్రైస్తవులు. పొద్దున చర్చి, మధ్యాహ్నం మా గుడి హాల్లో తెలుగు. ఒకరోజు తరగతిలో ఆ పిల్లవాడి ముందే ఈ అవతారం మాట అన్నాను. తర్వాతి వారం ఆమె నన్ను పక్కకి పిలిచింది. "ఆంటీ, మీరు మంచి మనసుతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ మా దేవుణ్ణి మీ వరసలో పదకొండోవాడిగా నిలబెట్టకండి. అది మాకు గౌరవం కాదు" అంది. గట్టిగా అనలేదు. కానీ తర్వాత రెండు ఆదివారాలు వాళ్ళు రాలేదు.

నేను బాధపడుతుంటే, మా గుడి లెక్కలు చూసే పెద్దాయన ఓదార్చారు. "దానికింత ఆలోచన ఎందుకమ్మా? ఆయన్ని దేవుణ్ణి చేసింది కాన్‌స్టంటైన్ చక్రవర్తి. 325లో మీటింగు పెట్టి ఓట్లు వేయించాడు. అంతకు ముందు ఆయన ఒక గురువు, అంతే" అన్నారు. ఆయన అది ఒక నవలలో చదివారట.

నేను కాన్వెంటు స్కూల్లో చదివాను. బైబిలు కథలు తెలుసు, క్రిస్మస్ పాటలు ఇప్పటికీ నోటికి వచ్చు. కానీ ఒక్క సువార్త కూడా మొదటి నుంచి చివరిదాకా చదవలేదు. ఇన్నేళ్ళు పిల్లలకి నేను చెప్పిన జవాబు చదివి చెప్పింది కాదు. పెద్దాయన చెప్పినదీ అంతే. అందుకని ఆమెకి ఫోన్ చేసి, మీ తెలుగు బైబిలు కొన్నాళ్ళు ఇస్తావా అని అడిగాను. తెచ్చి ఇచ్చింది. ఒక పక్క తెలుగు, ఒక పక్క ఇంగ్లీషు పెట్టుకుని, లైబ్రరీ నుంచి తెచ్చిన చరిత్ర పుస్తకాల సాయంతో చదివాను.

మొదట ఒక హెచ్చరిక. కొత్త నిబంధనలో పుస్తకాలు రాసిన వరసలో లేవు. మత్తయి, మార్కు, లూకా, యోహాను సువార్తలు ముందు ఉంటాయి కాబట్టి అవే పాతవి అనుకుంటాం. కాదు. అన్నిటికన్నా పాతవి పౌలు ఉత్తరాలు. తెలుగు బైబిల్లో వాటిని "పత్రికలు" అంటారు. పత్రిక అంటే ఇక్కడ మ్యాగజైన్ కాదు, ఉత్తరం. (పౌలు ఏదో వారపత్రిక నడిపాడేమో అని నేను ఒక నిమిషం నిజంగానే అనుకున్నాను.) యేసును సిలువ వేసింది సుమారు క్రీ.శ. 30లో. పౌలు ఉత్తరాలు 50 నుంచి 60 మధ్యవి. మార్కు సువార్త 70 ప్రాంతంలో, మత్తయి, లూకా ఆ తర్వాత ఒకటి రెండు దశాబ్దాల్లో, యోహాను మొదటి శతాబ్దం చివర రాశారని ఎక్కువమంది పండితుల అంచనా. కాబట్టి మొదట ఎవరన్నారు అని తెలుసుకోవాలంటే పౌలు దగ్గర మొదలుపెట్టాలి.

పౌలు యూదుడు. యూదులకి దేవుడు ఒక్కడే. మనలాగా ఒక్కడే అయినా అనేక రూపాలు అనే మాట కూడా వాళ్ళు ఒప్పుకోరు. మనిషిని పూజించడం వాళ్ళకి ఘోరమైన పాపం. రోమన్లు చనిపోయిన చక్రవర్తుల్ని దేవుళ్ళని ప్రకటించేవారు, గుళ్ళు కట్టేవారు. యూదులకి అది అసహ్యం. అలాంటి ఇంట్లో పుట్టినవాడు, సిలువ మీద నేరస్థుడిలా చనిపోయిన ఒక మనిషి గురించి, ఆయన చనిపోయి పాతికేళ్ళు కాకముందే ఏమి రాస్తున్నాడో చూడండి.

కొరింథు అనే గ్రీకు ఊరికి రాసిన మొదటి ఉత్తరంలో, 8వ అధ్యాయంలో, లోకంలో దేవుళ్ళూ ప్రభువులూ చాలామంది ఉన్నారంటారు, మనకి మాత్రం ఒకే దేవుడు, ఆయన తండ్రి, ఒకే ప్రభువు, ఆయన యేసు క్రీస్తు అని చెప్తాడు. అన్నీ తండ్రి నుంచి వచ్చాయి, అన్నీ యేసు ద్వారా వచ్చాయి అంటాడు. చదివితే మామూలుగా అనిపిస్తుంది. కానీ యూదులు రోజూ చెప్పుకునే ఒక ప్రార్థన ఉంది, ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయంలోది. మన ప్రభువైన దేవుడు ఒక్కడే అని దాని భావం. పౌలు ఆ ప్రార్థనని తీసుకుని, అందులో "దేవుడు" అన్న మాట తండ్రికి, "ప్రభువు" అన్న మాట యేసుకి పంచాడని చాలామంది పండితులు చూపించారు. గాయత్రిని తీసుకుని అందులో మీ పక్కింటి మనిషి పేరు చేరిస్తే మీకు ఎలా ఉంటుంది? యూదులకి అంతకన్నా ఎక్కువే.

ఇక్కడ తెలుగు చదివేవాళ్ళకి ఒక చిక్కు ఉంది. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. హీబ్రూలో దేవుడి పేరును యూదులు నోటితో పలకరు. దాని బదులు "ప్రభువు" అనే అర్థం వచ్చే మాట అంటారు. గ్రీకు భాషలో ఆ మాట "కురియోస్". పౌలు తన ఉత్తరాల్లో పాత గ్రంథాల నుంచి మాటలు తీసుకున్నప్పుడు, దేవుడి పేరు రావాల్సిన చోట కురియోస్ అనే రాస్తాడు. అదే కురియోస్ అన్న మాట యేసుకీ వాడతాడు. గ్రీకులో చదివేవాడికి రెండు చోట్లా ఒకే మాట వినిపిస్తుంది. కానీ మన తెలుగు బైబిల్లో పాత నిబంధనలో "యెహోవా" అని, కొత్త నిబంధనలో "ప్రభువు" అని ఉంటుంది. రెండు వేరు మాటలు. కాబట్టి ఆ చప్పుడు తెలుగులో వినిపించదు. తప్పు అనువాదమని అనను. కానీ ముడి విడిపోయింది.

ఆ ముడి అన్నిటికన్నా గట్టిగా ఉన్న చోటు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, 2వ అధ్యాయం. పౌలు జైల్లో నుంచి రాసిన ఉత్తరం అది. అందులో ఒక చిన్న పాటలాంటి భాగం ఉంది. అది పౌలు సొంతం కాకపోవచ్చు, అప్పటికే చర్చిల్లో పాడుతున్నది కావచ్చని చాలామంది అంటారు. అలాగైతే అది ఆ ఉత్తరం కంటే కూడా పాతది. దాని భావం నా మాటల్లో చెప్తాను. ఆయన దేవుడి స్వరూపంలో ఉన్నాడు. దేవుడితో సమానం కావడాన్ని పట్టుకుని వేలాడాల్సిన సొత్తుగా చూడలేదు. తన్ను తాను ఖాళీ చేసుకున్నాడు, దాసుడయ్యాడు, మనిషయ్యాడు, చావుదాకా, అదీ సిలువ మీద చావుదాకా తగ్గాడు. అందుకని దేవుడు ఆయన్ని పైకి ఎత్తి అన్ని పేర్లకన్నా గొప్ప పేరు ఇచ్చాడు. ఆ పేరు వింటే ప్రతి మోకాలూ వంగుతుంది, ప్రతి నాలుకా ఆయన కురియోస్ అంటుంది.

మోకాలు వంగడం, నాలుక ఒప్పుకోవడం అనే మాటలు యెషయా 45వ అధ్యాయంలోవి. అక్కడ మాట్లాడుతున్నది దేవుడే. నేను తప్ప ఇంకో దేవుడు లేడు, ప్రతి మోకాలూ నాకే వంగాలి అని చెప్పే అధ్యాయం అది. పాత గ్రంథం మొత్తంలో దేవుడు ఒక్కడే అని ఇంత గట్టిగా చెప్పే చోట్లు తక్కువ. సరిగ్గా అక్కడి మాటలే తీసుకుని యేసుకి పెట్టారు. నేను ఈ రెండు అధ్యాయాలూ పక్కపక్కన పెట్టి చదివిన రాత్రి, 325లో ఓట్లు అన్న మాట నా మనసులో పడిపోయింది.

అయితే ఇంత తేలిక కాదు. జేమ్స్ డన్ అనే పండితుడు 1980లో రాసిన పుస్తకంలో, ఈ పాట ఆదాముతో పోలిక మాత్రమే అన్నాడు. ఆదాము దేవుడిలా కావాలని చెయ్యి చాపాడు, యేసు చాపలేదు, అంతే, పుట్టకముందు స్వర్గంలో ఉన్నాడని ఇక్కడ చెప్పడం లేదు అని. లారీ హర్టాడో అనే ఇంకొకాయన, మాటల అర్థాల కన్నా ఆ మనుషులు ఏం చేశారో చూడండి అన్నాడు: యేసు పేరున ప్రార్థించారు, ఆయనకి పాటలు పాడారు, ఆయన పేరున స్నానం చేయించి తమలో కలుపుకున్నారు, ఇవన్నీ యూదులు దేవుడికి తప్ప ఇంకెవరికీ చేయరు. నాస్తికుడైన బార్ట్ ఎర్మన్ కూడా 2014లో రాసిన పుస్తకంలో, పౌలు దృష్టిలో యేసు పుట్టకముందే ఉన్న దివ్యమైనవాడేనని ఒప్పుకున్నాడు. ఆయన లెక్కలో అది దేవదూతల్లాంటి స్థానం. నేను గుడిలో పనిచేసేదాన్ని కాబట్టి కావచ్చు, నాకు హర్టాడో మాట దగ్గరగా అనిపించింది. ఎవరు ఎవరిని దేవుడని నమ్ముతున్నారో తెలియాలంటే వాళ్ళ పుస్తకం కన్నా ముందు వాళ్ళు ఎవరి ముందు దీపం పెడుతున్నారో చూస్తాను.

ఇంకో చిన్న సాక్ష్యం ఉంది. మీకు ఇది బాగా నచ్చుతుందని అనుకుంటున్నాను. కొరింథు వాళ్ళకి రాసిన అదే ఉత్తరం చివర, పౌలు "మరనాథా" అని రాస్తాడు. అది గ్రీకు కాదు. అరమాయిక్, అంటే యేసు మాట్లాడిన భాష. "మా ప్రభూ, రా" అని అర్థం. కొరింథు వాళ్ళకి అరమాయిక్ రాదు. మరి ఎందుకు రాశాడు? వాళ్ళకి ఆ మాట అప్పటికే తెలుసు కాబట్టి. మా మనవరాలికి తెలుగు రాదు, కానీ దెబ్బ తగిలితే "అమ్మా" అంటుంది. గుళ్ళో "గోవిందా" అంటుంది. ఇల్లు మారినా, భాష మారినా, బాగా పాత మాటలు అలా మిగిలిపోతాయి. అంటే యేసును పిలిచి ప్రార్థించడం గ్రీకు దేశాల్లో మొదలైన అలవాటు కాదు. యెరూషలేములో, ఆయన సొంత భాషలో, ఆయన్ని కళ్ళతో చూసినవాళ్ళ మధ్య మొదలైంది.

ఇక మార్కు. నాకు అన్నిటికన్నా నచ్చిన సువార్త ఇదే, అన్నిటికన్నా తికమక పెట్టింది కూడా ఇదే. ఇందులో యేసు పక్షవాతం ఉన్నవాడి పాపాలు క్షమిస్తాడు. పక్కనున్న శాస్త్రులు, పాపాలు క్షమించేది దేవుడొక్కడే కదా అని గొణుగుతారు. గాలిని ఆగమంటే ఆగుతుంది, శిష్యులు భయపడి, ఈయన ఎవరు అని ఒకరినొకరు అడుగుతారు. మార్కు జవాబు చెప్పడు. ఇదే మార్కులో 10వ అధ్యాయంలో ఒకడు వచ్చి మంచి బోధకుడా అని పిలిస్తే, నన్ను మంచివాడని ఎందుకంటావు, దేవుడు తప్ప మంచివాడు ఇంకెవరూ లేరు అని యేసు అంటాడు. 13వ అధ్యాయంలో, ఆ చివరి రోజు ఎప్పుడో ఎవరికీ తెలియదు, దూతలకీ తెలియదు, కుమారుడికీ తెలియదు, తండ్రికి మాత్రమే తెలుసు అంటాడు. 6వ అధ్యాయంలో తన సొంత ఊళ్ళో పెద్ద అద్భుతాలేవీ చేయలేకపోయాడు.

మత్తయి మార్కును ముందు పెట్టుకుని రాశాడని పండితులు చాలామంది అంటారు. ఆయన ఈ చోట్ల ఏం చేశాడో చూడండి. చేయలేకపోయాడు అన్నది, ఎక్కువ చేయలేదు అయింది. నన్ను మంచివాడని ఎందుకంటావు అన్నది, మంచి గురించి నన్నెందుకు అడుగుతావు అయింది. మా అత్తగారు ఇంటి కథలు చెప్పేటప్పుడు ఇలాగే చేసేవారు. మామగారు ఉద్యోగం పోగొట్టుకున్నారు అన్నది, రెండో తరానికి ఉద్యోగం వదిలేశారు అయింది. లూకా మాత్రం ఆ "మంచివాడు" వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టే ఉంచాడు. కుమారుడికీ తెలియదు అన్న మాట మత్తయిలో ఉంది, కానీ కొన్ని చేతిరాత ప్రతుల్లో లేదు. రాసుకునేవాళ్ళకి అది ఇబ్బంది పెట్టిందని తెలుస్తూనే ఉంది. అయినా మార్కులో అది మిగిలింది. నాకు ఆ మిగలడం మీద గౌరవం.

ఇంకొన్ని చోట్ల, యేసు పుట్టుకతో కాదు, చనిపోయి లేచిన తర్వాత ఆ స్థానం పొందాడన్నట్టు వినిపిస్తుంది. రోమీయులకు రాసిన పత్రిక మొదట్లోనే అలాంటి వాక్యం ఉంది, అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో కూడా. కాబట్టి మొదటి తరంలో అందరూ ఒకే రకంగా చెప్పలేదు.

యోహాను దగ్గరికి వస్తే అనుమానాలు తగ్గుతాయి, కానీ వ్యాకరణం మొదలవుతుంది. సువార్త మొదటి వాక్యంలోనే, మొదట్లో "వాక్యము" ఉంది, అది దేవుడి దగ్గర ఉంది, అది దేవుడు అని చెప్తాడు. మన తరగతిలో వాక్యం అంటే కర్త, కర్మ, క్రియ ఉన్నది. ఇక్కడ వాక్యము అంటే గ్రీకులో "లోగోస్": మాట, ఆలోచన, లోకాన్ని నడిపే తెలివి అన్నీ కలిపి. గ్రీకులో ఇంగ్లీషులోని "ది" లాంటి మాట ఒకటి ఉంది. తండ్రి గురించి చెప్పినప్పుడు అది పెట్టాడు, వాక్యము దేవుడు అన్నప్పుడు పెట్టలేదు. అందుకని యెహోవా సాక్షులు తమ ఇంగ్లీషు అనువాదంలో "ఎ గాడ్" అని రాశారు, అంటే ఒక చిన్న దేవుడు అన్నట్టు. వాళ్ళు మా ఇంటి తలుపు కూడా కొట్టారు, మర్యాదగల మనుషులు. కానీ గ్రీకు వచ్చినవాళ్ళలో ఎక్కువమంది దీన్ని ఒప్పుకోరు. ఆ భాషలో ఇలాంటి వాక్యాల్లో "ది" తరచుగా ఉండదు.

ఇంగ్లీషు ఇక్కడ ఏదో ఒకటి తేల్చుకోవాలి, "ఎ" నా, "ది" నా, ఏదీ లేకుండానా. తెలుగుకి ఆ బాధ లేదు. "మా నాన్న డాక్టరు" అంటాం. ఏ డాక్టరు, ఒక డాక్టరా, ఆ డాక్టరా అని ఎవరూ అడగరు. ఆయన ఏమిటో చెప్తున్నాం, అంతే. యోహాను గ్రీకు వాక్యం ఇంగ్లీషు కన్నా మన "మా నాన్న డాక్టరు"కి దగ్గరగా ఉందని నాకు అనిపిస్తుంది. దేవుడు ఏమిటో, వాక్యము కూడా అదే.

అదే అధ్యాయం 18వ వచనంలో ఇంకో తమాషా ఉంది. ఆమె ఇచ్చిన తెలుగు బైబిల్లో అక్కడ "కుమారుడు" అని ఉంది. కానీ ఈజిప్టులో దొరికి 1950, 60లలో అచ్చైన రెండు చాలా పాత పపైరస్ ప్రతుల్లో, సుమారు క్రీ.శ. 200 నాటివంటారు, అక్కడ "దేవుడు" అని ఉంది. అప్పట్లో పవిత్రమైన పేర్లని రెండేసి అక్షరాలతో కుదించి రాసేవారు. "దేవుడు"కీ "కుమారుడు"కీ తేడా ఒక్క అక్షరం.

దీనికి తిరగేసిన కథ తిమోతికి రాసిన మొదటి పత్రికలో ఉంది, 3వ అధ్యాయం 16వ వచనం. ఇది చెప్పాలంటే ముందు మన థ, ధ గురించి చెప్పాలి. మీరు కూడా నాలాగే పెద్దయ్యాక తెలుగు నేర్చుకుంటే, ఈ రెండు అక్షరాలు మిమ్మల్ని ఏడిపించే ఉంటాయి. కడుపులో చుక్క ఉంటే థ, లేకపోతే ధ. కథ అని రాయాలి, కానీ ఎంతమంది కధ అని రాస్తారో. గ్రీకులో కూడా అలాంటి జంట ఉంది. గుండ్రంగా సున్నాలా ఉంటే "ఒ", దాని మధ్యలో అడ్డంగా గీత ఉంటే "థ". పాత ప్రతుల్లో ఆ వచనం "ఆయన శరీరంతో కనబడ్డాడు" అన్నట్టు ఉంది. ఆ "ఆయన" అనే చిన్న మాటలో సున్నా మధ్య ఒక గీత గీసి, పైన ఇంకో గీత పెడితే, అది "దేవుడు" అన్న మాటకి కుదింపు అయిపోతుంది. అప్పుడు దేవుడే శరీరంతో కనబడ్డాడు అని చదువుతాం.

లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో అలెగ్జాండ్రియా ప్రతి అని ఒకటి ఉంది, 5వ శతాబ్దానిది. 18వ శతాబ్దంలో వెట్‌స్టైన్ అనే స్విట్జర్లాండు పాదిరి దాన్ని లండన్‌లో చూసి, ఆ సున్నా మధ్య గీత నిజంగా గీత కాదు, తోలు కాగితం వెనక వైపు రాసిన అక్షరం గీత కనబడుతోంది అన్నాడు. ఇలాంటి మాటల వల్ల ఆయనకి 1730లో బాసెల్‌లో పదవి పోయింది. అదే లైబ్రరీలో ఉన్న సీనాయి ప్రతి ఇంకా పాతది, 4వ శతాబ్దానిది. అందులో మొదట గీత లేదు, తర్వాతి కాలంలో ఎవరో పైన చిన్న అక్షరాలు చేర్చి "దేవుడు" అని దిద్దారు. ఒకసారి లండన్ వెళ్ళినప్పుడు ఆ పుస్తకాన్ని అద్దం వెనక చూశాను. తెరిచి ఉన్న పేజీ వేరేది, అయినా చాలాసేపు నిలబడ్డాను. తిమోతి పేజీ తర్వాత ఇంట్లో కంప్యూటర్‌లో చూశాను. ఆ దిద్దుబాటు స్పష్టంగా కనబడుతుంది.

ఈ దిద్దుబాట్లు ఇంగ్లండులో మొదట గట్టిగా పట్టుకున్నవాళ్ళలో ఐజాక్ న్యూటన్ ఒకడు. అవును, ఆపిల్ పండు న్యూటనే. 1690లో ఈ వచనం గురించీ, యోహాను మొదటి పత్రిక 5వ అధ్యాయంలో ముగ్గురు ఒక్కటే అని చెప్పే వచనం గురించీ పెద్ద వ్యాసం రాసి జాన్ లాక్‌కి పంపాడు. రెండోది ఇంకా పెద్ద గొడవ. ఎరాస్మస్ తన గ్రీకు కొత్త నిబంధనలో 1516లో, 1519లో దాన్ని వేయలేదు, పాత గ్రీకు ప్రతుల్లో లేదు కాబట్టి. విమర్శలు వచ్చాయి, ఆ వాక్యం ఉన్న ఒక ప్రతి బయటికి వచ్చింది, 1522లో వేశాడు. న్యూటన్ భయపడి తన వ్యాసాన్ని అచ్చు వేయించలేదు. ఆయన పోయిన చాలా ఏళ్ళకి, 1754లో అది బయటికి వచ్చింది.

ఇదంతా చదివినప్పుడు మొదట మా పెద్దాయన మాటే నిజమేమో అనిపించింది. గీతలు గీసి దేవుణ్ణి చేశారు కదా! కానీ లెక్క వేసి చూడండి. ఈ రెండు వచనాలూ తీసేయండి. అనుమానం ఉన్నవి ఇంకేమైనా ఉంటే అవీ తీసేయండి. ఫిలిప్పీ పాట అలాగే ఉంది. కొరింథు ప్రార్థన అలాగే ఉంది. మరనాథా ఉంది. యోహాను మొదటి వాక్యం ఉంది, చివర్లో తోమా యేసును నా ప్రభువు, నా దేవుడు అని పిలవడం ఉంది. (ఈ తోమాయే మద్రాసు దాకా వచ్చాడని అక్కడివాళ్ళ నమ్మకం, సెయింట్ థామస్ మౌంట్ ఆయన పేరుతోనే ఉంది.) గీతలు గీసినవాళ్ళు కొత్త నమ్మకాన్ని పుట్టించలేదు. ఉన్న నమ్మకాన్ని ఇంకో చోట కూడా రాసిపెట్టారు.

చక్రవర్తి సంగతి త్వరగా చెప్పేస్తాను. కాన్‌స్టంటైన్ కన్నా 200 ఏళ్ళ ముందు, సుమారు 112లో, ఇప్పటి టర్కీ ప్రాంతానికి గవర్నరుగా ఉన్న ప్లినీ రోము చక్రవర్తికి ఒక ఉత్తరం రాశాడు. ఈ క్రైస్తవులు తెల్లవారకముందే కలుసుకుని క్రీస్తుకి దేవుడికి పాడినట్టు పాట పాడుతున్నారు, వీళ్ళని ఏం చేయమంటారు అని. ఆయనకి వాళ్ళ మీద ప్రేమ ఏమీ లేదు, కొంతమందిని చంపించాడు కూడా. 325లో నీకయ సభలో గొడవ, యేసు దేవుడా మనిషా అని కాదు. ఆరియస్ కూడా ఆయన్ని దేవుడనే అన్నాడు. కాకపోతే తండ్రి చేసిన దేవుడు, ఒకప్పుడు లేనివాడు అన్నాడు. అవతలివాళ్ళు కాదు, తండ్రి ఏ తత్త్వమో కొడుకూ అదే అన్నారు. ఆ "ఒకే తత్త్వం" అన్న గ్రీకు మాట బైబిల్లో ఎక్కడా లేదు, అప్పుడే అది అందరికీ ఇబ్బందిగా ఉండేది. సుమారు 300 మంది బిషప్పుల్లో చివరికి సంతకం పెట్టనివాళ్ళు ఇద్దరు. కాన్‌స్టంటైన్‌కి 337లో చావు మంచం మీద బాప్తిస్మం ఇచ్చిన బిషప్పు, ఆరియస్ స్నేహితుడే! పూర్తిగా దేవుడు, పూర్తిగా మనిషి అని రెండూ కలిపి సూత్రంలా చెప్పింది ఇంకా తర్వాత, 451లో చాల్సెడాన్ సభలో.

కాబట్టి ఆ "పూర్తిగా" అన్న మాట కొత్త నిబంధనలో లేదు. అది 300, 400 ఏళ్ళ వాదనల తర్వాత వచ్చిన మాట. కానీ యేసును దేవుడి చోట పెట్టి మొక్కడం మొదటి నుంచీ ఉంది. నాకు అర్థమైనంతలో ఇది సరైన జవాబు. ఒకడు మొదటి ముక్క మాత్రమే చెప్తే మా పెద్దాయన అవుతాడు, రెండో ముక్క మాత్రమే చెప్తే మార్కు చదవనివాడు అవుతాడు.

మరి అవతారం? మన కృష్ణుడు మన్ను తిన్నాడని యశోద నోరు తెరవమంటే లోకాలన్నీ చూపించాడు. ఆయనకి తెలియనిది లేదు. ధర్మం తగ్గినప్పుడల్లా మళ్ళీ వస్తాడు. వీళ్ళు చెప్పేది అది కాదు. ఒక్కసారే వచ్చాడు. ఆ రోజు ఎప్పుడో తనకీ తెలియదన్నాడు. హెబ్రీయులకు రాసిన పత్రికలో, కష్టపడి విధేయత నేర్చుకున్నాడని ఉంది. యోహాను పత్రికల కాలానికి కొందరు, ఆయన నిజంగా శరీరంతో రాలేదు అనడం మొదలుపెడితే, ఆ పత్రికలు వాళ్ళ మీద విరుచుకుపడ్డాయి. దేవుడు మనిషిలా కనిపించాడు అనడం వాళ్ళకి చాలదు. తెలుగు క్రైస్తవులు "శరీరధారి" అంటారు. నేను ఆ మాట ఇదివరకు విన్నాను, కానీ అవతారానికి ఇంకో పేరు అనుకున్నాను.

మూడో ఆదివారం ఆమె వచ్చింది. పుస్తకం తిరిగి ఇస్తూ, తప్పు చెప్పాను, క్షమించు అన్నాను. "అయ్యో ఆంటీ, పెద్దవారు అలా అనకండి" అంది. మార్కు 13వ అధ్యాయం చూపించి, ఈ మాట నిన్ను ఇబ్బంది పెట్టదా అని అడిగాను. కొంచెంసేపు చూసింది. "పెడుతుంది. మా పాస్టరుగారు దీని మీద గంటసేపు చెప్పారు, నాకు సగమే అర్థమైంది. నైట్ డ్యూటీలో పేషెంటు పోయేటప్పుడు పక్కన కూర్చుంటాను కదా, ఎప్పుడు అవుతుందో నాకూ తెలియదు, వాళ్ళకీ తెలియదు. ఆయనకీ తెలియదన్నాడు కదా అనుకుంటాను" అంది. పుస్తకం మళ్ళీ నా చేతిలోనే పెట్టింది, ఇంకా పాత నిబంధన ఉంది ఆంటీ అని.

పోయిన వారం స్కూలు పిల్లలు వచ్చారు. దశావతారాల దగ్గర మళ్ళీ అదే ప్రశ్న, ఈసారి తొమ్మిదేళ్ళ పిల్ల. ఇలాగే కాదు, వాళ్ళు చెప్పేది వేరు, ఎలా వేరో మీ ఊరి చర్చిలో అడుగు అన్నాను. టీచరు ఈసారి నవ్వలేదు. ఆ పిల్ల మాత్రం, "మరి మీరు అడిగారా?" అంది. అడిగాను అన్నాను.